రేసు గుర్రం వంశావళి చదవడం ఎలా? తల్లి వైపు నుంచి మొదలుపెట్టండి

బెంగళూరు టర్ఫ్ క్లబ్‌లో రేస్ బుక్ కొని తెరవండి. ప్రతి గుర్రం పేరు దగ్గరా దాని రంగు, ఆడా మగా, వయసు, ఆ పక్కనే గీతతో విడదీసిన రెండు పేర్లు ఉంటాయి. ముందున్నది తండ్రి, తర్వాతది తల్లి. చాలామంది ఆ రెండు పేర్లనూ దాటేసి జాకీ ఎవరు, బరువెంత అన్న దగ్గరికి వెళ్ళిపోతారు. ఆగి చూసేవాళ్లలో కూడా ఎక్కువమంది తండ్రి పేరు దగ్గరే ఆగుతారు. "ఫలానా స్టాలియన్ పిల్లట, పరుగెత్తి తీరుతుంది" అంటారు. స్టాలియన్ అంటే పిల్లల కోసం ఉంచిన మగ గుర్రం. మన పెద్దల మాట వేరు: తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను. రేసు గుర్రాల దగ్గర కూడా అదే సరైన దారి అని నా గట్టి నమ్మకం. ఎందుకో, ఎలా చూడాలో ఇక్కడ చెప్తాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది పందెం చిట్కా కాదు. వంశావళి చూసి ఈ శనివారం నాలుగో రేసు ఎవరిదో ఎవరూ చెప్పలేరు. గుర్రాన్ని గుర్రంగా చూడటం ఇష్టమైనవాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు ఒక గుర్రాన్ని ఎంచుకోండి

మొదటిసారి మెయిడెన్ రేసు నుంచి ఎంచుకోండి. మెయిడెన్ అంటే ఇంకా ఒక్క రేసూ గెలవని గుర్రాలది. వాటిలో కొన్ని అసలు మొదటిసారే పరుగెత్తుతుంటాయి. అలాంటిదాని గురించి చెప్పడానికి ఒకటో రెండో మాక్ రేసులు (సాధన కోసం పెట్టే రేసులు), పొద్దున ట్రాక్ మీద సాధన, వంశావళి తప్ప ఇంకేమీ ఉండవు. వంశావళికి అసలు విలువ ఇక్కడే. పది రేసులు పరుగెత్తిన గుర్రం విషయంలో దాని రికార్డే మాట్లాడుతుంది, తాతముత్తాతల్ని పక్కన పెట్టేయొచ్చు.

రేస్ బుక్‌లో పొట్టి అక్షరాల అర్థం చూసుకోండి. 'బీ' అంటే బే, గోధుమ ఎరుపు ఒళ్ళు, నల్ల జూలు, నల్ల తోక. 'సీహెచ్' అంటే చెస్ట్‌నట్, ఒళ్లంతా ఎరుపే. 'జీఆర్' అంటే గ్రే. 'సీ' కోల్ట్, చిన్న వయసు మగది. 'ఎఫ్' ఫిల్లీ, చిన్న వయసు ఆడది. 'జీ' ఒక్కటే ఉంటే గెల్డింగ్, వృషణాలు తీసేసిన మగది. వయసు లెక్క జనవరి 1 నుంచి. ఏ నెలలో పుట్టినా ఆ రోజుతో అన్నిటికీ ఒక ఏడాది పెరుగుతుంది. అందుకే జనవరి చివర్లో పుట్టిన పిల్లా, మే నెలలో పుట్టిన పిల్లా కాగితం మీద ఒకే వయసువే. రెండేళ్ల గుర్రాల్లో ఆ నాలుగు నెలల తేడా ఒంట్లో బాగా తెలుస్తుంది. కుదిరితే పుట్టిన తేదీ కూడా చూడండి.

రంగు ఊరికే రాయరు. గ్రే గుర్రానికి తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు గ్రే అయి తీరాలి. తల్లీ తండ్రీ ఇద్దరూ చెస్ట్‌నట్ అయితే పిల్ల కూడా చెస్ట్‌నటే. మీరు గీసుకున్న పట్టికలో ఈ రెండు సూత్రాలు తప్పితే ఎక్కడో పేరు తప్పు రాసుకున్నారని అర్థం.

పట్టిక చేత్తో గీయండి

భారతదేశంలో పుట్టిన థరోబ్రెడ్‌ల (రేసుల కోసం పెంచే జాతి గుర్రాల) లెక్క పుణెలోని స్టడ్ బుక్ అథారిటీ ఆఫ్ ఇండియా చూస్తుంది. ఇండియన్ స్టడ్ బుక్ వెబ్‌సైట్లో గుర్రం పేరు కొడితే వంశావళి వస్తుంది. డీఎన్ఏ పరీక్షతో తల్లిదండ్రులు ఖాయమయ్యాకే పిల్లను బుక్‌లోకి ఎక్కిస్తారు కాబట్టి ఈనాటి గుర్రాల విషయంలో ఆ పేర్లను నమ్మొచ్చు.

పేరు వెతికేటప్పుడు పుట్టిన ఏడాది, దేశం తప్పకుండా సరిచూసుకోండి. ఒకే పేరుతో వేర్వేరు దేశాల్లో గుర్రాలుంటాయి. 1990ల నాటి మన ఛాంపియన్ ఎల్యూసివ్ పింపర్నెల్ పేరు వెతికితే 2007లో అమెరికాలో పుట్టి ఐర్లండ్‌లో స్టాలియన్ అయిన ఇంకో ఎల్యూసివ్ పింపర్నెల్ కూడా ఎదురవుతుంది. రెండిటికీ సంబంధం లేదు.

ఫోన్లో పట్టిక రెడీగా కనిపిస్తున్నా, నా మాట విని ఒకసారి నోటుబుక్‌లో చేత్తో గీయండి. ఎడమవైపు గుర్రం పేరు. దాని కుడివైపు పైన తండ్రి, కింద తల్లి. ఒక్కో పేరుకీ మళ్లీ పైన తండ్రి, కింద తల్లి. అలా ఐదు తరాలు రాస్తే మొత్తం 62 పేర్లు వస్తాయి. గంట పడుతుంది. కానీ ఒకే పేరు రెండో చోట రాయాల్సి వచ్చినప్పుడు చెయ్యి దానంతట అదే ఆగుతుంది. స్క్రీన్ మీద కళ్లు అలా ఆగవు.

గీశాక పట్టికలో అన్నిటికంటే కింది వరుస చుట్టూ గీత గీయండి. తల్లి, తల్లి తల్లి, ఆమె తల్లి, అలా పోయే వరుస అది. మనం ఎక్కువ సేపు ఉండబోయేది అక్కడే.

పై వరుసను త్వరగా ముగించండి

తండ్రి, తండ్రి తండ్రి, అలా పోయే పై వరుస చాలా ఘనంగా కనిపిస్తుంది. ప్రపంచంలో ఉన్న ప్రతి థరోబ్రెడ్ పై వరుసా చివరికి మూడు గుర్రాల్లో ఒకదాని దగ్గరికి చేరుతుంది: బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. 17వ శతాబ్దం చివరి నుంచి 18వ శతాబ్దం మొదటి భాగంలోపు తూర్పు దేశాల నుంచి ఇంగ్లండ్ చేరిన గుర్రాలు ఇవి. ఈనాటి గుర్రాల్లో నూటికి 95 డార్లీ అరేబియన్ వరుసవే. 1764లో పుట్టి, ఒక్క రేసూ ఓడని ఎక్లిప్స్ ఈ వరుసదే.

నూటికి 95 గుర్రాలకు ఉన్నది ఒక గుర్రం ప్రత్యేకత ఎలా అవుతుంది? పై వరుస ఇంటిపేరు లాంటిది. ఊరు చెప్తుంది, మనిషిని చెప్పదు.

అయినా మన దగ్గరి గుర్రాన్ని ఒకసారి ఆ వరుసలో పెట్టి చూస్తే ముచ్చటగా ఉంటుంది. 2016 ఫిబ్రవరిలో ముంబై మహాలక్ష్మిలో ఇండియన్ డెర్బీ గెలిచిన డెజర్ట్ గాడ్ మన కుణిగల్ స్టడ్ గుర్రం. కుణిగల్ అంటే బెంగళూరు నుంచి మంగళూరు హైవే మీద 70 కిలోమీటర్లు, తుమకూరు జిల్లా. టిప్పు సుల్తాన్ కాలం నుంచి గుర్రాల పెంపకానికి పేరున్న చోటు. డెజర్ట్ గాడ్ తండ్రి ఐర్లండ్ నుంచి వచ్చిన బర్డెన్ ఆఫ్ ప్రూఫ్. దాని తండ్రి ఫెయిరీ కింగ్. దాని తండ్రి కెనడాలో పుట్టిన నార్తర్న్ డాన్సర్. దాని తండ్రి నియార్క్టిక్. ఐదో తరంలో ఇటలీలో ఫెడెరికో టెసియో పెంచిన నియార్కో. అది పరుగెత్తిన 14 రేసుల్లో 14 గెలిచింది. కుణిగల్ పచ్చికలో తిరిగిన పిల్ల రక్తం ఐదు తరాల్లో మూడు ఖండాలు దాటింది.

స్టాలియన్ గురించి తెలుసుకోవలసినది ఒక్కటే: దాని పిల్లలు ఏం చేశాయి. అది స్వయంగా ఎంత బాగా పరుగెత్తిందన్నది రెండో సంగతి. ఫెయిరీ కింగ్ ఒక్కటంటే ఒక్క రేసు పరుగెత్తి, ఎముక విరిగి, రిటైర్ అయింది. అయినా దాని కొడుకు ఎలిసియో 1996లో పారిస్‌లో ఆర్క్ అనే పెద్ద రేసు గెలిచింది. మన దేశంలో రజీన్ కథ కూడా అలాంటిదే. నార్తర్న్ డాన్సర్ కొడుకు. 1990లో ఇంగ్లండ్‌లోని ఎప్సమ్ డెర్బీలో ఫేవరెట్‌గా దిగి బాగా వెనకబడిపోయింది. తర్వాత హర్యానాలోని ఉషా స్టడ్‌కు వచ్చి, ఏళ్ల తరబడి మన దేశపు ఛాంపియన్ స్టాలియన్‌గా నిలిచింది.

పిల్లల లెక్క చూసేటప్పుడు గెలిచినవాటిని మాత్రమే లెక్కపెట్టకండి. ఏడాదికి వందకు పైగా మేర్‌లతో, అంటే పిల్లల్ని కనే ఆడ గుర్రాలతో, కలిసిన స్టాలియన్‌కు నాలుగు మంచి గుర్రాలు పుట్టడం గొప్ప కాదు. మొత్తం ఎన్ని పుట్టాయి, వాటిలో పెద్ద రేసులు గెలిచినవి ఎన్ని అని అడగండి. నూటికి పది దాటితే అది నిజంగా గొప్ప స్టాలియన్.

కింది వరుస దగ్గర కూర్చోండి

స్టాలియన్‌కు వందల పిల్లలు. మేర్‌కు గర్భం దాదాపు పదకొండు నెలలు, ఏడాదికి ఒకటే పిల్ల, మధ్యలో కట్టని ఏళ్లు కూడా ఉంటాయి. థరోబ్రెడ్‌లలో కృత్రిమ గర్భధారణకు అనుమతి లేదు, ఒక మేర్ పిండాన్ని ఇంకో మేర్ కడుపులో పెంచడానికీ లేదు. అందుకే ఒక మేర్ జీవితం మొత్తంలో పది పన్నెండు పిల్లల్ని ఇస్తే ఎక్కువ. అంత తక్కువ అవకాశంలో రెండు మూడు మంచి గుర్రాలు ఇచ్చిందంటే ఆ మేర్‌లో ఏదో ఉంది. అదే స్టాలియన్ విషయంలో అలా అనలేం.

రేసుల లోకంలో వాడుక కూడా ఇదే చెప్తుంది. తండ్రి ఒకటై తల్లులు వేరైన గుర్రాలను ఎవరూ అన్నదమ్ములు అనరు. హాఫ్ బ్రదర్ అంటే తల్లి ఒకటే, తండ్రి వేరు అని మాత్రమే అర్థం. ఎవరైనా "ఇది ఫలానా డెర్బీ విన్నర్‌కు తమ్ముడు" అంటే వెంటనే తల్లి పేరు అడగండి. తండ్రి మాత్రమే ఒకటైతే ఆ మాటకు విలువ లేదు.

అర్బన్ సీ అనే మేర్‌ను ఉదాహరణగా తీసుకోండి. 1993లో తను స్వయంగా ఆర్క్ గెలిచింది. తర్వాత శాడ్లర్స్ వెల్స్‌తో గెలీలియోను కన్నది, అది 2001లో ఎప్సమ్ డెర్బీ గెలిచింది. కేప్ క్రాస్ అనే పూర్తిగా వేరే స్టాలియన్‌తో సీ ద స్టార్స్‌ను కన్నది, అది 2009లో టూ థౌజండ్ గినీస్, డెర్బీ, ఆర్క్ మూడూ గెలిచింది. తండ్రులు మారారు, గొప్పతనం మారలేదు. గెలీలియో విషయంలో అందరూ శాడ్లర్స్ వెల్స్ పేరే చెప్పేవాళ్లు. రెండో కొడుకు వచ్చాక అర్బన్ సీ గురించి వాదించడానికి ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు మీ గుర్రం తల్లి దగ్గరికి రండి. నోటుబుక్‌లో ఆమెకు ఒక పేజీ కేటాయించి ఇవి రాయండి. ఆమె పరుగెత్తిందా, ఎంత దూరం రేసులు గెలిచింది? ఇప్పటిదాకా ఎన్ని పిల్లలు, వాటిలో ఎన్ని ట్రాక్ దాకా వచ్చాయి, ఎన్ని గెలిచాయి? వేర్వేరు స్టాలియన్లతో కూడా గెలిచే పిల్లలు పుట్టాయా, లేక ఒక్క స్టాలియన్‌తోనేనా? మీ గుర్రం ఎన్నో పిల్ల? పుట్టినవాటిలో చాలా భాగం ట్రాక్ దాకా రాకపోతే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. కాళ్ల బలహీనత కుటుంబంలో దిగుతుంది, వేగం లాగే.

తర్వాత తల్లి తల్లి. ఆమె కూతుళ్లు, అంటే మీ గుర్రం పిన్నమ్మలు, పెద్దమ్మలు ఏం కన్నారు? సేల్ కేటలాగ్ దొరికితే ఈ పని సులువు. కేటలాగ్ పేజీలో మొదటి తల్లి, రెండో తల్లి, మూడో తల్లి అని విడివిడిగా రాసి, పెద్ద రేసులు గెలిచినవాటి పేర్లు ముదురు నల్ల అక్షరాల్లో వేస్తారు. దాన్నే బ్లాక్ టైప్ అంటారు. పేజీ నిండా నలుపు కనబడితే మోసపోకండి. ఆ నలుపు ఏ తల్లి కింద ఉందో చూడండి. మొదటి తల్లి నుంచి వచ్చే రక్తం సగం. రెండో తల్లి నుంచి పావు. మూడో తల్లి నుంచి ఎనిమిదో వంతు. నాలుగో తల్లి నుంచి పదహారో వంతు. నాలుగో తల్లి కింద ఎంతమంది ఛాంపియన్లున్నా, పైనున్న ముగ్గురు తల్లుల కింద తెల్లగా ఉంటే ఆ కుటుంబం వెలుగు ఎప్పుడో తగ్గిపోయిందని అర్థం. అమ్మేవాళ్లు మాత్రం ఆ నాలుగో తల్లి గురించే ఎక్కువసేపు మాట్లాడతారు.

ధర కూడా ఇక్కడే చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. 2006లో అమెరికాలో ద గ్రీన్ మంకీ అనే కోల్ట్‌ను 1 కోటి 60 లక్షల డాలర్లకు కొన్నారు. అది మూడు రేసులు పరుగెత్తి ఒక్కటీ గెలవలేదు. 17,500 డాలర్లకు కొన్న సియాటిల్ స్లూ 1977లో అమెరికా ట్రిపుల్ క్రౌన్, అంటే అక్కడి మూడు పెద్ద రేసులూ గెలిచింది. నార్తర్న్ డాన్సర్‌ను చిన్నప్పుడు 25,000 డాలర్లకు అమ్మకానికి పెడితే కొన్నవాళ్లు లేరు.

తల్లి తండ్రిని వదిలేయకండి

కింది సగంలో తల్లి పక్కనే ఉండే పేరు ఆమె తండ్రిది. దాన్ని బ్రూడ్‌మేర్ సైర్ అంటారు. కొన్ని స్టాలియన్ల గొప్పతనం కొడుకుల్లో కాక కూతుళ్ల పిల్లల్లో బయటపడుతుంది. సెక్రెటేరియట్ అనే అమెరికా గుర్రం అందుకు గొప్ప సాక్ష్యం. 1973లో బెల్మాంట్ స్టేక్స్‌ను 31 లెంగ్త్‌ల (లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) తేడాతో, 2 నిమిషాల 24 సెకన్లలో గెలిచింది. దానంతటి కొడుకు మాత్రం పుట్టలేదు. కూతుళ్ల విషయం వేరు. వీకెండ్ సర్‌ప్రైజ్ ఏపీ ఇండీని కన్నది, టెర్లింగ్వా స్టార్మ్ క్యాట్‌ను కన్నది. ఆ ఇద్దరూ అమెరికా బ్రీడింగ్‌ను ఏళ్ల తరబడి ఏలాయి.

మగ గుర్రం తన ఎక్స్ క్రోమోజోమ్‌ను కూతుళ్లకు మాత్రమే ఇస్తుంది, కొడుకులకు ఇవ్వదు. కొడుక్కు ఆ ఎక్స్ తల్లి నుంచే రావాలి. దీన్ని పట్టుకుని పెద్ద గుండె తల్లి వైపు నుంచే దిగుతుందని ఒక సిద్ధాంతం ఉంది, సెక్రెటేరియట్ పేరు అందులో తరచూ వినిపిస్తుంది. అది రుజువైన సంగతి కాదు. తల్లి వరుసకు ఇంకో సొంత ఆస్తి మాత్రం ఖాయంగా ఉంది. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా డీఎన్ఏ పూర్తిగా తల్లి నుంచే వస్తుంది.

ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తే

పట్టికలో ఒకే పేరు పైన ఒకసారి, కింద ఒకసారి వస్తే దాన్ని సున్నా చుట్టండి. గుర్రం పేరు వదిలేసి, తల్లిదండ్రులను ఒకటో తరంగా లెక్కపెట్టుకుంటూ వెళ్లండి. తండ్రి వైపు మూడో తరంలో, తల్లి వైపు నాలుగో తరంలో ఉంటే 3x4 అని రాస్తారు. తండ్రి వైపు అంకె ఎప్పుడూ ముందు.

ఫ్రాంకెల్‌తో సాధన చేయండి. 2008లో పుట్టింది, 14కి 14 గెలిచింది. తండ్రి గెలీలియో, తాత శాడ్లర్స్ వెల్స్, ముత్తాత నార్తర్న్ డాన్సర్. అంటే తండ్రి వైపు మూడో తరం. తల్లి కైండ్, ఆమె తండ్రి డేన్‌హిల్, దాని తండ్రి డాన్‌జిగ్, దాని తండ్రి మళ్లీ నార్తర్న్ డాన్సర్. తల్లి వైపు నాలుగో తరం. నార్తర్న్ డాన్సర్ దగ్గర 3x4.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. మీరు నార్తర్న్ డాన్సర్ తల్లి నటాల్మాను కూడా వెతకండి. నార్తర్న్ డాన్సర్ రెండుసార్లు ఉంది కాబట్టి ఆమె కూడా రెండుసార్లు ఉంటుంది, నాలుగో తరంలో, ఐదో తరంలో. కానీ ఆమె మూడోసారి కూడా ఉంది. డేన్‌హిల్ తల్లి రజియానా, ఆమె తల్లి స్ప్రింగ్ అడ్యూ, ఆమె తల్లి నటాల్మా. ఈసారి కొడుకు ద్వారా కాకుండా కూతురి ద్వారా. నాకు ఫ్రాంకెల్ పట్టికలో అన్నిటికంటే అందమైన చోటు ఇదే. ఒకే మేర్ కొడుకు రక్తం, కూతురి రక్తం వచ్చి ఒక గుర్రంలో కలిశాయి.

ఎంత దగ్గరైతే ఎక్కువ? చిన్న లెక్క ఉంది. రెండు అంకెలూ కూడి ఒకటి తీసేయండి. ఒకటిని అన్నిసార్లు సగం చేయండి. ఆ పూర్వీకుడి జన్యువు ఒకటే రెండు వైపుల నుంచీ దిగే అవకాశం ఎంతో అది చెప్తుంది. 3x4 అయితే ఆరుసార్లు, అంటే అరవై నాలుగో వంతు, ఒకటిన్నర శాతం. అది మామూలే. ఆర్క్ రెండుసార్లు గెలిచిన ఎనేబుల్ శాడ్లర్స్ వెల్స్ దగ్గర 3x2, అంటే పదహారో వంతు, ఆరు శాతం దాటుతుంది. అంత దగ్గర కలయికలో మంచితో పాటు దాగి ఉన్న లోపాలు కూడా రెట్టింపుగా దిగొచ్చు. ఎనేబుల్‌ను చూపించి అదే సూత్రం అనుకోకూడదు. ఆ దారిలో పుట్టి పేరు లేకుండా పోయినవాటిని ఎవరూ చూపించరు.

ఎంత దూరం పరుగెత్తగలదు

తల్లి, తండ్రి, తల్లి తండ్రి, ఈ ముగ్గురూ ఏ దూరంలో గెలిచారో రాసుకుంటే అంచనా దొరుకుతుంది. ముగ్గురూ 1200 మీటర్ల వాళ్లయితే ఇండియన్ డెర్బీ 2400 మీటర్లలో ఆ పిల్ల చివరిదాకా నిలబడుతుందని ఆశపడటం కష్టం. 2010లో డబ్లిన్ పరిశోధకులు మయోస్టాటిన్ అనే కండరాల జన్యువులో తేడా కనిపెట్టారు. దానికి సీ, టీ అని రెండు రూపాలు, ప్రతి గుర్రానికీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. రెండు సీలు ఉంటే తక్కువ దూరం, రెండు టీలు ఉంటే ఎక్కువ దూరం, ఒక్కొక్కటి ఉంటే మధ్య దూరం. బ్రీడర్లు ఇప్పుడు రక్త పరీక్షతో చూసుకుంటున్నారు. మనకు ఆ రిపోర్టు దొరకదు, తల్లిదండ్రుల రికార్డే ఆధారం.

నోటుబుక్‌తో ప్యాడక్‌కు వెళ్లండి

రేసుకు ముందు గుర్రాలను ప్యాడక్‌లో నడిపిస్తారు. బుకీల వైపు వెళ్లే గుంపులో కలవకుండా ముందే వెళ్లి కంచె దగ్గర నిలబడండి. మీరు పట్టిక గీసిన గుర్రం వచ్చినప్పుడు నడక చూడండి. వెనక కాలి అడుగు ముందు కాలి అచ్చును దాటి పడుతోందా? చెమట పట్టి, తల విసురుతూ టెన్షన్‌గా ఉందా? అక్కా తమ్ముళ్లను కూడా చూసి ఉంటే ఒకే రకం మెడ, ఒకే రకం మొండితనం గుర్తుపడతారు. మలక్‌పేటలో వానాకాలం సీజన్ మొదలయ్యాక హైదరాబాద్ వెళ్లే పని ఉంటే అక్కడా చూడండి. ఒకే తల్లి పిల్లలు వేర్వేరు ఊళ్లలో వేర్వేరు ట్రైనర్ల దగ్గర ఉంటాయి.

నోటుబుక్‌ను గుర్రాల పేర్ల వరుసలోనో, స్టాలియన్ల వరుసలోనో పెట్టకండి. ఒక్కో మేర్‌కు ఒక్కో పేజీ ఇవ్వండి. రేసు అయ్యాక ఫలితం, దూరం, ట్రాక్ తడిగా ఉందో పొడిగా ఉందో ఆ తల్లి పేజీలోనే రాయండి, కింద సగం పేజీ ఖాళీ వదలండి. రెండేళ్ల తర్వాత అదే తల్లి ఇంకో పిల్ల మెయిడెన్ రేసులో దిగినప్పుడు ఆ పేజీ తీసి చదువుకోండి.